ప్యానెల్ బస్‌బార్‌కి హీట్ ష్రింక్ స్లీవ్ ఎలా వెయ్యాలి: సైజు లెక్క దగ్గర్నుంచి మెగ్గర్ దాకా

కొత్తగా ప్యానెల్ షాపు పెట్టుకున్నవాళ్ళు, ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో చేరిన డిప్లొమా పిల్లలు, అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్లు, అందరూ తిప్పి తిప్పి అడిగేది ఇదే: "అన్నా, బస్‌బార్‌కి స్లీవ్ వేశాం, రెండు నెలలకే మూలల్లో చిట్లిపోయింది, లేదంటే బుడగలొచ్చాయి, లేదంటే అసలు ఎక్కనే లేదు, ఎక్కడ తప్పు చేశాం?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది. కొత్తవాళ్ళకి ఒక్క మాట: బస్‌బార్ అంటే ప్యానెల్‌లో కరెంటు మోసే రాగి లేదా అల్యూమినియం పట్టీ, హీట్ ష్రింక్ స్లీవ్ అంటే దాని మీద తొడిగి వేడిపెడితే కుంచించుకుని పట్టేసే ప్లాస్టిక్ గొట్టం, మెగ్గర్ అంటే ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటర్. ఇది 415 వోల్టుల ఎల్‌టీ (లో టెన్షన్) ప్యానెల్ గురించి మాత్రమే. 11 కేవీకి దీన్ని వాడొద్దు, అక్కడ స్లీవ్ మందం, క్లియరెన్సు రెండూ కలిపి టెస్ట్ అయిన డిజైన్ ప్రకారమే వెళ్ళాలి, మన అంచనాలు పనికిరావు.

ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. స్లీవ్ వేసిన బార్‌ని చేత్తో ముట్టుకోవచ్చు అనుకోకండి. ఈ స్లీవ్ బల్లి అడ్డం పడినా, ఎలుక దూరినా, చేతిలోంచి స్పానర్ జారినా రెండు ఫేజులు కలిసి ఫ్లాష్ అవ్వకుండా కాపాడటానికి. మనిషిని కాపాడటానికి కాదు. కరెంటుంటే అది లైవ్ బారే, ఎర్ర రంగున్నా పసుపు రంగున్నా. అలాగే స్లీవ్ వేశాం కదా అని ఫేజుల మధ్య దూరం తగ్గించొద్దు. మన దగ్గర స్పెసిఫికేషన్లలో మామూలుగా అడిగేది ఫేజుకీ ఫేజుకీ 25 ఎంఎం, ఫేజుకీ ఎర్తుకీ 19 లేదా 20 ఎంఎం. ఆ దూరం ఉత్త బార్‌కే ఉండాలి, పైగా బోల్టు తల దగ్గర్నుంచీ, బయటికి పొడుచుకొచ్చిన బోల్టు కొన దగ్గర్నుంచీ కొలవాలి. చాలామంది పట్టీ నుంచి పట్టీకి కొలిచేసి సరిపోయింది అనుకుంటారు.

ఏ మెటీరియల్ తీసుకోవాలి

థియరీ జోలికి పోను, కొనేటప్పుడు పనికొచ్చేంతవరకే చెప్తా.

పీవీసీ హీట్ ష్రింక్ స్లీవ్ చవక, చిన్న ప్యానెళ్ళలో అందరూ అదే వేస్తారు. దాని ఇబ్బంది వేడి. ఎండాకాలంలో మన ప్యానెల్ రూములు ఎలా ఉంటాయో మీకు తెలుసు, ఫుల్ లోడ్ మీద అల్యూమినియం బార్ 85 డిగ్రీల దాకా పోవడం మన డిజైన్లలో మామూలే. స్లీవ్ రేటింగ్ దానికి దగ్గరగా ఉందంటే కొన్నాళ్ళకి గట్టిపడి, పెళుసెక్కి, మూలల్లో పగులుతుంది. కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, మనిషికీ చెడ్డది, పక్కనున్న కాంటాక్టులకీ చెడ్డది.

క్రాస్‌లింక్డ్ పాలీఓలెఫిన్ స్లీవ్ ఖరీదెక్కువ, కానీ మంచి కంపెనీవి 125 డిగ్రీల దాకా నిలబడతాయి, హాలోజెన్ (క్లోరిన్ లాంటివి) లేని రకాలు కూడా దొరుకుతాయి. 400 ఆంప్స్ దాటిన ప్యానెల్ అయినా, హాస్పిటల్ అయినా, జనం ఎక్కువుండే బిల్డింగ్ అయినా నేను ఇదే వేయిస్తా, రేటు గురించి కస్టమర్‌తో కాసేపు వాదించాల్సొచ్చినా సరే.

ఎపాక్సీ పౌడర్ కోటింగ్ వంపులున్న బార్లకి చాలా బావుంటుంది, మూలలు కూడా చక్కగా కవర్ అవుతాయి. కాకపోతే సైట్‌లో చేసేది కాదు, ఎక్కడైనా పెచ్చు లేస్తే రిపేరూ కష్టమే.

బార్లని పట్టుకునే సపోర్టులకి ఎస్‌ఎంసీ గానీ డీఎంసీ గానీ (గ్లాస్ ఫైబర్ కలిపి అచ్చుపోసిన ప్లాస్టిక్‌లు) వాడండి. హైలం షీటు (కాగితం, రెసిన్ కలిపి నొక్కి చేసిన అట్ట) కోసి సపోర్టులు చేసే పాత అలవాటు ఇంకా పోలేదు, కోసిన అంచుల నుంచి అది చెమ్మ పీల్చుకుంటుంది, వైజాగ్ కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళల్లో అయితే మెగ్గర్ రీడింగ్ వానాకాలంలోనే బయటపెడుతుంది.

కావాల్సినవి

స్లీవ్ (ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కి నలుపు), హాట్ ఎయిర్ గన్ 2000 వాట్లది, ఆకురాయి, ఎమరీ పేపర్, వైర్ బ్రష్, నూలుపోగు రాలని గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పదునైన కటింగ్ బ్లేడు, టేపు, వెర్నియర్, వేడికి తట్టుకునే గ్లౌజులు, టార్క్ రెంచి, 500 మరియు 1000 వోల్టుల మెగ్గర్, కొంచెం వంటింటి అల్యూమినియం ఫాయిల్. ఫాయిల్ ఎందుకో చివర్లో చెప్తా.

ఇక పని

1. పాత ప్యానెల్ అయితే ముందు కరెంటు తియ్యడం. లైన్‌మన్ భాషలో చెప్పాలంటే ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపినట్టు అనుమతి) తీసుకోకుండా చెయ్యి పెట్టొద్దు. మెయిన్ ఇన్‌కమర్ (ప్యానెల్‌లోకి కరెంటు వచ్చే మెయిన్ స్విచ్) ఆఫ్ చేసి తాళం వెయ్యండి, తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. అంతటితో అయిపోలేదు, జనరేటర్ ఆటోలో ఉందా, రూఫ్ మీద సోలార్ ఇన్వర్టర్ ఉందా, యూపీఎస్ వెనక్కి ఫీడ్ ఇస్తుందా చూడండి. కెపాసిటర్ ప్యానెల్ ఉంటే ఆఫ్ చేశాక కనీసం 5 నిమిషాలు ఆగి, డిశ్చార్జ్ అయ్యిందో లేదో మీటర్‌తో చూడండి. టెస్టర్‌ని ముందు లైవ్ ఉన్నచోట పెట్టి పనిచేస్తుందో లేదో చూసి, తర్వాత మూడు ఫేజులూ న్యూట్రల్ చెక్ చేసి, మళ్ళీ లైవ్ దగ్గర చూడండి. మధ్యలో టెస్టరే చచ్చిపోతే మనకి తెలియదు కదా. ఆ తర్వాత మూడు ఫేజులనీ షార్ట్ చేసి ఎర్తుకి కట్టండి.

2. బార్‌ని విప్పి బయటికి తియ్యండి. ప్యానెల్ లోపల బిగించి ఉన్న బార్‌కి హీట్ గన్ కొడితే పక్కనున్న కంట్రోల్ వైర్లు, బ్రేకర్ బాడీ మెత్తబడతాయి. విప్పేముందు ఫోటో తీసుకోండి, బార్లకి నంబర్లు వెయ్యండి. విప్పడం కుదరనే కుదరదంటే ఆ దారి కింద వేరేగా చెప్పా.

3. కట్టింగు, పంచింగు, వంచడం అన్నీ స్లీవ్‌కి ముందే అయిపోవాలి. స్లీవ్ ఎక్కాక హోల్ వేస్తే రజను లోపల ఇరుక్కుంటుంది, అంచు చిరుగుతుంది.

4. అంచులు. పైన చిట్లిపోతోందని అడిగినవాళ్ళలో ఎక్కువమందికి జవాబు ఈ స్టెప్‌లోనే ఉంది. షియరింగ్ మెషిన్‌లో కోసిన పట్టీ అంచు కత్తిలా ఉంటుంది. స్లీవ్ కుంచించుకుపోయేటప్పుడు మూల మీదే ఎక్కువ లాగుడు పడుతుంది, అక్కడే మందం తగ్గుతుంది, ఆ సన్నబడ్డ చోటనే కింద నుంచి బర్ర్ (కోతలో మిగిలిన లోహపు ముల్లు) పొడుస్తుంది. వేసిన రోజు కనపడదు, బార్ వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి కొన్ని వారాలకి తెరుచుకుంటుంది. అందుకే నాలుగు పొడవు అంచులూ ఆకురాయితో 1 ఎంఎం దాకా గుండ్రం చేసి, ఎమరీ పట్టి, పాత కాటన్ గుడ్డ అంచు వెంట లాగండి. దారం ఎక్కడైనా పట్టుకుందంటే అక్కడ ఇంకా పని ఉంది. మీటరుకి ఒక ఐదు నిమిషాలు పడుతుంది అంతే, దీన్ని ఎవరూ వదిలెయ్యకూడదు.

5. శుభ్రం. నూనె, కటింగ్ ఆయిల్, వేలిముద్రలు పోయేదాకా ఆల్కహాల్‌తో తుడవండి. థిన్నర్ వాడేవాళ్ళున్నారు, వాడితే పూర్తిగా ఆరేదాకా గన్ దగ్గరికి తేవొద్దు, తడి మీద వేడి పెడితే మంట అంటుకుంటుంది. డబ్బా కూడా మూతపెట్టి దూరంగా పెట్టండి.

6. సైజు లెక్క. రెండో పెద్ద తప్పు ఇక్కడ. స్లీవ్‌ని కొందరు గుండ్రంగా తెరిచినప్పటి డయాతో అమ్ముతారు, కొందరు నలిపి పరిచినప్పటి వెడల్పుతో అమ్ముతారు. 50 సైజు అంటే ఏ 50 అని అడక్కుండా తెచ్చుకుంటే సగంసార్లు వెనక్కి తీసుకెళ్ళాల్సిందే.

బార్ చుట్టుకొలతతో లెక్క వేసుకుంటే తికమక ఉండదు. 50 బై 10 బార్ తీసుకోండి. 50, 10 కలిపి రెండింతలు చేస్తే 120 ఎంఎం. స్లీవ్ తెరిచినప్పుడు చుట్టుకొలత 120 కన్నా కనీసం 10 నుంచి 20 శాతం ఎక్కువుండాలి, లేకపోతే తోయలేరు. పూర్తిగా కుంచించుకున్నాక చుట్టుకొలత 120 కన్నా బాగా తక్కువుండాలి, లేకపోతే వదులుగా ఉండిపోతుంది. 50 ఎంఎం డయా స్లీవ్ చుట్టుకొలత 157, అది సగానికి కుంచించుకునే రకం అయితే 78, అంటే ఈ బార్‌కి చక్కగా పట్టేస్తుంది. అదే పరిచిన వెడల్పు 50 అన్న స్లీవ్ తెస్తే దాని చుట్టుకొలత 100 మాత్రమే, ఎక్కనే ఎక్కదు. 25 బై 6 బార్‌కి చుట్టుకొలత 62, డయా 25 స్లీవ్ (చుట్టుకొలత 78) సరిపోతుంది. 100 బై 10 బార్‌కి 220, అక్కడ డయా 75 అంటే 235 వస్తుంది, తిన్నటి బార్‌కి ఎలాగో తోస్తారు గానీ వంపుంటే నరకం, 80 లేదా ఆ పైన తీసుకోండి.

పెద్దది తీసుకుంటే సేఫ్ కదా అని కూడా అనుకోవద్దు. కుంచించుకోవడానికి ఇంకా చోటు మిగలకపోతే బార్‌ని గట్టిగా పట్టుకోదు, మధ్యలో గాలిపొర ఉండిపోతుంది.

7. పొడవు. స్లీవ్ అడ్డంగానే కాదు, నిలువుగా కూడా కొంచెం తగ్గుతుంది. కొత్త రోల్ తెచ్చిన ప్రతిసారీ ఒక ముక్క మీద 200 ఎంఎం గుర్తు పెట్టి, బార్ ముక్క మీద కుంచించి మళ్ళీ కొలవండి. 185 వస్తే ఏడున్నర శాతం తగ్గిందని అర్థం, ఆ లెక్కన ఎక్కువ పెట్టి కొయ్యండి. కోత నున్నగా ఉండాలి, రంపంలా పళ్ళు పళ్ళుగా కోస్తే వేడికి అక్కణ్ణుంచే నిలువునా చీరుకుంటూ పోతుంది.

ఆ టెస్ట్ ముక్కతోనే ఇంకో పని కూడా చెయ్యండి. బయట గాలిలో, కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని లైటర్‌తో అంటించి మంట తియ్యండి, దానంతట అదే ఆరిపోవాలి. మండుతూ చుక్కలు చుక్కలుగా కారుతుంటే ఆ రోల్ ప్యానెల్‌లోకి రాకూడదు. గోడ మందం ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ ఉన్నవీ, రీసైకిల్ ప్లాస్టిక్ వాసన కొట్టేవీ మార్కెట్లో బోలెడున్నాయి, వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలిస్తే దొరికిపోతాయి.

8. తోయడం. తోసేముందు బార్‌ని వెచ్చబెట్టాలి, అది తొమ్మిదో స్టెప్‌లో చెప్తా. జాయింట్ వచ్చే చోట బార్ మీద ముందే పెన్సిల్ గీత పెట్టుకోండి. ఒక బార్ మీద ఇంకో బార్ ఎంత దూరం కూర్చుంటుందో, ఆ అంచు నుంచి ఇంకో 10 ఎంఎం వదిలి స్లీవ్ ఆగిపోవాలి.

ఇదెందుకు ఇంత నొక్కి చెప్తున్నానంటే, మొదట్లో ఒక రైస్ మిల్లు ప్యానెల్‌లో నా చేతి పనిలోనే ఈ తప్పు జరిగింది. స్లీవ్ అంచు రెండు పట్టీల మధ్యకి ఒక రెండు ఎంఎం దూరింది, బోల్టు బిగించాం, టార్క్ కూడా వచ్చింది, బయటికి అంతా బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆ ప్లాస్టిక్ మందానికి ఒక పక్క పట్టీ పైకి లేచి ఆనకుండా ఉండిపోయింది. సీజన్ మొదలై లోడ్ పడ్డాక మూడో నెల ప్యానెల్ రూములో కాలిన వాసన. విప్పి చూస్తే జాయింట్ నల్లబడి, స్లీవ్ కరిగి లోపల అతుక్కుపోయి ఉంది. అదృష్టం బావుండి ఆపరేటర్ వాసన పసిగట్టాడు. అప్పట్నుంచి ప్రతి జాయింట్ దగ్గర గీత చూసిగానీ బోల్టు పెట్టను.

9. వేడి. పట్టీ మందంగా ఉంటుంది, పెట్టిన వేడంతా రాగి లాగేసుకుంటుంది, చల్లటి బార్ మీద స్లీవ్ పైన కుంచించుకుని కింద పట్టుకోకుండా ముడతలు పడుతుంది. అందుకే స్లీవ్ తోయకముందే బార్‌ని గన్‌తో 60 డిగ్రీల దాకా వెచ్చబెట్టండి, చెయ్యి ఎక్కువసేపు పెట్టలేనంత వేడి. తర్వాత గన్ 300 నుంచి 400 డిగ్రీల సెట్టింగ్‌లో, జానెడులో సగం దూరం పెట్టి, మధ్యలో మొదలుపెట్టి ఒక చివరికి, మళ్ళీ మధ్య నుంచి రెండో చివరికి రండి. లేదంటే ఒక చివర నుంచి ఇంకో చివరికి ఒకటే వరస. రెండు చివర్లా ముందు కాల్చి మధ్యకి వస్తే గాలి బయటికి పోయే దారి లేక బుడగలొస్తాయి, తర్వాత ఎంత వేడి పెట్టినా పోవు. గన్ ఒకేచోట నిలపొద్దు, తిప్పుతూ ఉండాలి, నాలుగు ముఖాలూ సమానంగా.

వంపు ఉంటే ముందు వంపు దగ్గర, అదీ లోపలి వైపు మొదలుపెట్టి, అక్కడ పట్టుకున్నాక అటూ ఇటూ వెళ్ళండి. లోపలి వైపు సన్నటి ముడత వస్తే పరవాలేదు, బయటి వైపు లాగబడి పలచబడిందా అన్నదే చూడాల్సింది.

గ్యాస్ టార్చే ఉందా? అయితే నీలిమంట వాడొద్దు, గాలి తగ్గించి కొన పసుపుగా ఉండే మెత్తటి మంట పెట్టి, బ్రష్ తోలినట్టు తోలుతూ ఉండండి. పెద్ద సంఖ్యలో బార్లుంటే ఓవెన్ మేలు, స్లీవ్ కంపెనీ చెప్పిన టెంపరేచర్ పెట్టుకుని ముందు ఒక బార్‌తో టైమ్ సెట్ చేసుకోండి. ఏ పద్ధతిలో అయినా కిటికీలు తెరిచి పెట్టండి, పీవీసీ అయితే తప్పనిసరి.

10. బార్ దానంతట అదే చల్లారాలి. నీళ్ళు చల్లొద్దు, వేడిమీద సపోర్టుల్లో బిగించొద్దు, బిగిస్తే ఆ చోట నొక్కుకుపోయి పలచబడుతుంది.

11. జాయింట్. ఖాళీగా వదిలిన ముఖాన్ని వైర్ బ్రష్‌తో రుద్దండి, అల్యూమినియం అయితే రుద్దిన వెంటనే జాయింట్ కాంపౌండ్ పూయండి, ఎందుకంటే ఆక్సైడ్ పొర నిమిషాల్లో మళ్ళీ కట్టేస్తుంది. రాగి మీద అల్యూమినియం నేరుగా పెట్టొద్దు, టిన్ పూసిన రాగి గానీ బైమెటల్ షీటు (ఒకవైపు రాగి, ఇంకోవైపు అల్యూమినియం ఉన్నది) గానీ మధ్యలో ఉండాలి. 8.8 గ్రేడ్ బోల్టులకి సుమారుగా ఎం10 అయితే 40 న్యూటన్ మీటర్లు, ఎం12 అయితే 70, అయినా మీ బోల్టు కంపెనీ చార్టు ఉంటే అదే ఫైనల్. బిగించాక మార్కర్‌తో నట్టు మీదుగా బార్ మీదికి గీత గియ్యండి, తర్వాత కదిలిందో లేదో కంటికే కనపడుతుంది.

జాయింట్ మీద విప్పుకునే ష్రౌడ్ (ఇన్సులేషన్ మూత) పెట్టండి, దాన్ని శాశ్వతంగా చుట్టెయ్యొద్దు. రేపు మళ్ళీ టైట్ చెయ్యాల్సింది ఆ జాయింటునే.

బార్ విప్పడం కుదరకపోతే

కరెంటు తీసే ఉండాలి, అందులో మార్పు లేదు. దారులు రెండు. ఒకటి, క్లిప్పులా నొక్కితే పట్టుకునే బస్‌బార్ కవర్లు, మీ పట్టీ సైజుకి దొరికితే అదే మంచిది. రెండోది, సెల్ఫ్ ఫ్యూజింగ్ సిలికాన్ టేపు, సగం మీద సగం పడేలా లాగి చుట్టాలి, రెండు పొరలు. ఈ టేపు వేడికి గట్టిదే గానీ పదును అంచుకి ఇట్టే తెగుతుంది, కాబట్టి అంచులు గుండ్రం చెయ్యడం ఇక్కడా తప్పదు, రజను కింద పడకుండా గుడ్డ పరుచుకుని చెయ్యండి. మామూలు పీవీసీ టేపు వద్దే వద్దు, వేడికి జిగురు కారిపోయి కొన్ని నెలల్లో తోకలా వేలాడుతుంది, ఒక్కోసారి పక్క ఫేజు మీదే వేలాడుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి

ముందు కంటితో. మాడిన మచ్చ, బుడగ, మూలల్లో లోహం రంగు తొంగిచూడటం, ఇవేమీ ఉండకూడదు. బొటనవేలితో నొక్కి పక్కకి తోస్తే స్లీవ్ జారకూడదు. జారిందంటే సైజు తప్పు. ఒక్క చీలిక ఉన్నా టేపుతో మాటు వెయ్యకుండా కోసేసి కొత్తది వెయ్యండి.

తర్వాత మెగ్గర్. ఎస్‌పీడీ (సర్జ్ నుంచి కాపాడే పరికరం), మీటర్లు, డ్రైవ్‌లు, బ్రేకర్లని ట్రిప్ చేసే ఎలక్ట్రానిక్ రిలీజులు అన్నీ విడదీశాకే కొట్టాలి, లేకపోతే బార్ బావుండి అవి పోతాయి. షార్ట్ చేసి కట్టిన ఎర్తు కూడా తియ్యడం మర్చిపోవద్దు. 500 వోల్టులతో ఒక నిమిషం, ఫేజుకీ ఫేజుకీ, ఫేజుకీ ఎర్తుకీ. 1 మెగాఓమ్ అన్నది రూల్ ప్రకారం కనీసం, కొత్త ప్యానెల్ వందల్లో చూపించాలి. 5, 10 చూపిస్తే రూల్ పాసయ్యింది అని వదిలెయ్యకండి, సపోర్టుల మీద చెమ్మో దుమ్మో ఉంది, తుడిచి ఆరబెట్టి మళ్ళీ చూడండి.

ఇప్పుడు చాలామందికి తట్టని విషయం. ఈ మెగ్గర్ స్లీవ్‌ని టెస్ట్ చెయ్యడం లేదు. బార్ల మధ్య ఉన్నది గాలి, అందులో స్లీవ్‌కి ఎన్ని చిల్లులున్నా రీడింగ్ బ్రహ్మాండంగానే వస్తుంది. మీరు చూసేది సపోర్టుల ఇన్సులేషన్ మాత్రమే. స్లీవ్‌ని చూడాలంటే బిగించకముందే, చివర్ల నుంచి 50 ఎంఎం వదిలి అల్యూమినియం ఫాయిల్‌ని స్లీవ్ చుట్టూ గట్టిగా చుట్టి, బార్‌కీ ఫాయిల్‌కీ మధ్య 1000 వోల్టుల మెగ్గర్ కొట్టండి. మూలల దగ్గర ఫాయిల్ ఆనదనుకుంటే ఉప్పునీళ్ళలో తడిపి పిండిన గుడ్డ చుట్టి దాని మీద ఫాయిల్ వెయ్యండి. మీటరు పైస్థాయికి పోవాలి. కొద్ది మెగాఓమ్‌ల దగ్గర ఆగిపోతే ఎక్కడో చిల్లు ఉంది. టెస్ట్ టైములో ఫాయిల్ ముట్టుకోవద్దు, అయ్యాక డిశ్చార్జ్ చేసి, గుడ్డ వాడితే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. ప్రతి బార్‌కీ చెయ్యక్కర్లేదు, రోల్ మారినప్పుడూ, వంపులున్న బార్లకీ చాలు.

హైవోల్టేజ్ టెస్ట్ ప్యానెల్ షాపులో కిట్‌తో, చేసిన అనుభవం ఉన్నవాళ్ళే చెయ్యాలి. ఎల్‌టీ ప్యానెళ్ళ స్టాండర్డు ఐఎస్ ఐఈసీ 61439 ప్రకారం ఈ వోల్టేజ్ ప్యానెల్‌కి 1890 వోల్టుల ఏసీ. పాత టెండర్లలో ఇప్పటికీ 2.5 కేవీ ఒక నిమిషం అని రాసుంటుంది, ఏది ఒప్పుకున్నారో ముందే కాగితం మీద తేల్చుకోండి.

స్లీవ్ వేస్తే బార్ కెపాసిటీ తగ్గిపోదా అని కూడా అడుగుతుంటారు. పలచగా, గట్టిగా పట్టిన స్లీవ్ వల్ల పెద్దగా తేడా రాదు. మెరిసే రాగి ఉత్తగా ఉంటే వేడిని రేడియేషన్‌లో సరిగ్గా వదల్లేదు, రంగు స్లీవ్ పైభాగం బాగా వదులుతుంది, ఆ లాభం ఈ నష్టం దాదాపు సరిపోతాయి. వదులు స్లీవ్ అయితే మాత్రం లోపలి గాలిపొర దుప్పటి కప్పినట్టే.

ఈ మెరుపు గొడవే థర్మల్ కెమెరా దగ్గర కూడా వస్తుంది. లోడ్ మీద జాయింట్లని కెమెరాతో చూసేటప్పుడు మెరిసే ఉత్త రాగి నిజం కన్నా చాలా చల్లగా కనపడుతుంది, 90 డిగ్రీలున్నా కెమెరా 45 అనొచ్చు, మనం నమ్మేస్తాం. అందుకే జాయింట్ పక్కనే ఉన్న స్లీవ్ అంచు మీద చూడండి, అక్కడొచ్చే రీడింగ్ నమ్మొచ్చు. ప్యానెల్‌కి కరెంటు ఇచ్చాక మొదటి నెలలోనే ఫుల్ లోడ్ ఉన్న టైములో ఒకసారి తీయించి మూడు ఫేజులూ పక్కపక్కన పోల్చండి. లోడ్ సమానంగా ఉండి ఒక ఫేజు జాయింట్ మాత్రం మిగతా రెండింటికన్నా 10, 15 డిగ్రీలు ఎక్కువుంటే, వీలైనంత త్వరగా షట్‌డౌన్ తీసుకుని ఆ జాయింట్ విప్పి, స్లీవ్ అంచు లోపలికి దూరిందేమో మొదట చూడండి.